కాలిఫోర్నియాలో పెళ్లి చట్టం: 1850 నుండి 2024 వరకు

మన బడిలో పై తరగతుల పిల్లలు అడిగే ప్రశ్నలన్నీ వత్తులు, గుణింతాల గురించే ఉండవు. "మా ఫ్రెండ్‌కి ఇద్దరు అమ్మలు. ఈ మాట అమ్మమ్మకి తెలుగులో ఎలా చెప్పాలి?" అని అడిగే పిల్లలు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లు అడిగేది మాటల గురించే అయినా, జవాబు చెప్పాలంటే మనకు కొంత చరిత్ర తెలియాలి. ఇద్దరు ఆడవాళ్లు గానీ ఇద్దరు మగవాళ్లు గానీ పెళ్లి చేసుకోవడం ఈ రాష్ట్రంలో చట్టబద్ధం ఎలా అయింది? ఎవరు కాదన్నారు, ఎవరు ఔనన్నారు, ఎన్నిసార్లు మార్చారు? మనలో చాలామందిమి ఈ మార్పులు జరుగుతున్నప్పుడు ఇక్కడే ఉన్నాం. అప్పట్లో వీసాల గొడవలో, రిలీజుల హడావిడిలో పేపర్లో హెడ్డింగులు చూసి పక్కన పెట్టేశాం. ఆ కథను ఒక వరుసలో పెట్టి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

ఈ విషయంపై మన కుటుంబాల్లో అందరి అభిప్రాయం ఒకటి కాదని మాకు తెలుసు. ఎవరి అభిప్రాయం వారిదే. కానీ అభిప్రాయం ఏదైనా, జరిగినది ఏమిటో అందరికీ ఒకేలా తెలిసి ఉండడం మంచిది.

పెళ్లి వేరు, పెళ్లి కాగితం వేరు

ముందుగా ఒక తేడా గమనించాలి. మన దృష్టిలో పెళ్లంటే ముహూర్తం, జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, ఏడడుగులు. ఇండియాలో 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా ఏడడుగులు జరిగే పెళ్లిళ్లలో ఏడో అడుగుతో వివాహం పూర్తయినట్లు గుర్తిస్తుంది. ఇక్కడ పద్ధతి వేరు. కాలిఫోర్నియాలో సాధారణంగా కౌంటీ క్లర్క్ ఆఫీసుకు వెళ్లి మ్యారేజ్ లైసెన్స్ తీసుకోవాలి. అది 90 రోజులు చెల్లుతుంది. ఆ లోపల గుళ్లో పంతులుగారైనా, చర్చిలో పాస్టరైనా, జడ్జి అయినా పెళ్లి జరిపించి ఆ కాగితం మీద సంతకం పెట్టాలి. దాన్ని తిరిగి కౌంటీకి పంపి రికార్డు చేయించాలి.

అంటే ఇక్కడి పెళ్లికి రెండు భాగాలు: మతం జరిపించేది ఒకటి, ప్రభుత్వం రాసుకునేది ఒకటి. ఈ వ్యాసంలో చెప్పే తగవంతా రెండో భాగం గురించే.

ఆ కాగితంతో ఏమొస్తుంది? చాలానే వస్తుంది. ఆస్పత్రిలో భార్య తరఫున భర్త మాట్లాడడం, ఉద్యోగంలో హెల్త్ ఇన్సూరెన్సు, ఇద్దరూ కలిపి టాక్సు ఫైల్ చేయడం, ఒకరు పోతే రెండోవారికి సోషల్ సెక్యూరిటీ, ఆస్తి హక్కు, గ్రీన్ కార్డు, హెచ్-4 వీసా. పెళ్లి అయిందా లేదా అన్నదాని మీద ఆధారపడే ఫెడరల్ నిబంధనలు 1,138 ఉన్నాయని 2004లో అమెరికా పార్లమెంటుకు ఆడిట్ చేసిపెట్టే సంస్థ లెక్క వేసింది. హెచ్-1 మీద వచ్చి, భార్య వీసా స్టాంపింగు కోసం నెలల తరబడి ఎదురుచూసిన వాళ్లకు పెళ్లి కాగితం విలువ ఒకరు చెప్పనక్కర్లేదు.

ముందు రోజుల్లో ఈ చట్టం మనవాళ్లనూ తాకింది

ఎవరు ఎవరిని పెళ్లాడవచ్చు అన్న ప్రశ్న ఈ రాష్ట్రానికి కొత్త కాదు. కాలిఫోర్నియా రాష్ట్రంగా ఏర్పడిన 1850లోనే తెల్లవారికీ నల్లవారికీ మధ్య పెళ్లి చెల్లదని చట్టం చేశారు. తర్వాత చైనా, జపాన్ వాళ్లను ఆ నిషేధంలో చేర్చారు. 1933లో ఫిలిప్పీన్స్ వాళ్లనూ చేర్చారు.

ఆ కాలంలో పంజాబు నుంచి వచ్చిన రైతులు ఇంపీరియల్ వ్యాలీలోనూ, యూబా సిటీ ప్రాంతంలోనూ పొలం పనులు చేసేవారు. ఇండియా నుంచి భార్యలను తెచ్చుకోనివ్వని ఇమిగ్రేషన్ చట్టాలు ఒకవైపు, తెల్లవారిని పెళ్లాడనివ్వని వివాహ చట్టం మరోవైపు. చాలామంది మెక్సికన్ స్త్రీలను పెళ్లి చేసుకున్నారు. ఇద్దరి ఒంటి రంగూ ఒకేలా కనిపిస్తే క్లర్క్ లైసెన్స్ ఇచ్చేవాడు, లేకపోతే లేదు. లైసెన్స్ కోసం వేరే కౌంటీకో పక్క రాష్ట్రానికో వెళ్లిన వాళ్లూ ఉన్నారు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు భారతీయులు "తెల్లవారు" కారు కనుక పౌరసత్వానికి అర్హులు కారని చెప్పింది. 1946లో గానీ ఆ తలుపు తెరుచుకోలేదు.

ఈ నిషేధం ఎలా పోయింది? లాస్ ఏంజెలెస్‌లో ఆండ్రియా పెరెజ్, సిల్వెస్టర్ డేవిస్ అనే జంట లైసెన్స్ అడిగారు. ఆమె మెక్సికన్ కుటుంబంలో పుట్టినది, చట్టం లెక్కలో తెల్లమనిషి. అతను నల్లవాడు. క్లర్క్ కుదరదన్నాడు. 1948 అక్టోబర్ 1న కాలిఫోర్నియా సుప్రీం కోర్టు 4-3 తేడాతో ఆ నిషేధాన్ని కొట్టేసింది. పెళ్లంటే ఎవరో ఒకరిని చేసుకునే హక్కు కాదు, తాను ఎంచుకున్న మనిషిని చేసుకునే హక్కు అన్నది ఆ తీర్పు సారాంశం. అమెరికా సుప్రీం కోర్టు దేశమంతటికీ ఇదే మాట చెప్పడానికి ఇంకా 19 ఏళ్లు పట్టింది (1967, లవింగ్ కేసు). ఈ పెరెజ్ తీర్పును గుర్తు పెట్టుకోండి. 60 ఏళ్ల తర్వాత అది మళ్లీ వస్తుంది.

పద్నాలుగు మాటలు

1970ల మొదట్లో కాలిఫోర్నియా వివాహ చట్టంలో ఆడ-మగ అనే మాట స్పష్టంగా లేదు. 1977లో శాసనసభ "ఒక పురుషుడికీ ఒక స్త్రీకీ మధ్య" అనే మాటలు చేర్చింది. ఆ బిల్లు మీద సంతకం పెట్టింది గవర్నర్ జెర్రీ బ్రౌన్. ఈ పేరు కూడా గుర్తుంచుకోండి.

1999లో గవర్నర్ గ్రే డేవిస్ కాలంలో డొమెస్టిక్ పార్ట్‌నర్‌షిప్ అనే ఏర్పాటు వచ్చింది. మొదట్లో దానికి ఆస్పత్రిలో చూడడానికి వెళ్లే హక్కులాంటి కొద్దిపాటి హక్కులే ఉండేవి. 2003లో చేసిన చట్టం, 2005 నుంచి అమలై, రాష్ట్రం ఇవ్వగలిగిన హక్కులు దాదాపు అన్నీ ఇచ్చింది. పేరు మాత్రం పెళ్లి కాదు, ఫెడరల్ ప్రభుత్వం దగ్గర విలువా లేదు. కంపెనీ ఒక ఉద్యోగి భాగస్వామికి హెల్త్ ఇన్సూరెన్సు ఇస్తే, ఆ డబ్బును మామూలుగా జీతంలో కలిపి ఫెడరల్ టాక్సు వేసేవారు. పక్క క్యూబులో పెళ్లైన ఉద్యోగికి అదే ఇన్సూరెన్సు మీద టాక్సు లేదు.

ఈలోగా 2000 మార్చి 7న ప్రొపోజిషన్ 22 అనే ప్రజా ప్రతిపాదన ఓటుకు వచ్చింది. స్త్రీ పురుషుల మధ్య వివాహం మాత్రమే కాలిఫోర్నియాలో చెల్లుతుందని దాని అర్థం. ఇంగ్లీషులో మొత్తం పద్నాలుగు మాటలు. 61 శాతం మంది ఔనన్నారు.

2004: నాలుగు వారాల పెళ్లిళ్లు

2004 ఫిబ్రవరి 12న శాన్‌ఫ్రాన్సిస్కో కొత్త మేయర్ గావిన్ న్యూసమ్ ఆదేశంతో సిటీ హాలులో స్వలింగ జంటలకు లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టారు. మొదటి జంట డెల్ మార్టిన్, ఫిలిస్ లయన్. అప్పటికి వాళ్లు యాభై ఏళ్లకు పైగా కలిసి ఉన్నారు. ఇద్దరూ ముసలివాళ్లు. సుమారు 4,000 జంటలు పెళ్లి చేసుకున్నాయి. మార్చి 11న కోర్టు ఆపమంది. ఆగస్టు 12న రాష్ట్ర సుప్రీం కోర్టు ఆ పెళ్లిళ్లు చెల్లవని తేల్చింది. చట్టం రాజ్యాంగబద్ధమా కాదా అని తేల్చవలసింది కోర్టు గానీ మేయర్ కాదు అని కారణం చెప్పింది.

2005లో కాలిఫోర్నియా శాసనసభ దేశంలోనే మొదటిసారిగా, కోర్టు ఆదేశం లేకుండా తానే ఇలాంటి పెళ్లిళ్లను అనుమతించే బిల్లు పాస్ చేసింది. గవర్నర్ ష్వార్జ్‌నెగర్ వీటో చేశారు. 2007లో మళ్లీ పాస్ చేస్తే మళ్లీ వీటో చేశారు. ప్రజలు ఓటేసిన చట్టాన్ని శాసనసభ మార్చలేదని, ఇది కోర్టులోనో ప్రజల ఓటుతోనో తేలాలని ఆయన వాదన.

2008: ఒకే ఏడాదిలో ఔను, కాదు

2008 మే 15న కాలిఫోర్నియా సుప్రీం కోర్టు 4-3 తేడాతో ప్రొపోజిషన్ 22ను, 1977 నాటి మాటలను కొట్టేసింది. ముఖ్య న్యాయమూర్తి రోనాల్డ్ జార్జ్ రాసిన ఆ తీర్పుకు పునాది 1948 నాటి పెరెజ్ కేసు. ఏ మతమూ తన పద్ధతి మార్చుకోనక్కర్లేదని, తన విశ్వాసానికి విరుద్ధంగా ఏ మతాధికారీ పెళ్లి జరిపించనక్కర్లేదని కూడా ఆ తీర్పులోనే ఉంది. మన పెద్దలు చాలామంది అడిగే "రేపు గుళ్లో కూడా చెయ్యాలంటారా?" అన్న ప్రశ్నకు జవాబు అదే.

జూన్ 16 సాయంత్రం పెళ్లిళ్లు మొదలయ్యాయి. మార్టిన్, లయన్ మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఆగస్టు 27న డెల్ మార్టిన్ చనిపోయారు. రెండోసారి జరిగిన ఆ పెళ్లి చట్టప్రకారం నిలిచింది.

కానీ నవంబర్ 4న ప్రొపోజిషన్ 8 ఓటుకు వచ్చింది. అవే పద్నాలుగు మాటలు, ఈసారి రాజ్యాంగ సవరణగా. 52 శాతం మంది ఔనన్నారు. పెళ్లిళ్లు మళ్లీ ఆగిపోయాయి. ఈలోపు సుమారు 18,000 జంటలకు పెళ్లి అయిపోయింది.

అవే మాటలను కోర్టు కొట్టేశాక మళ్లీ ఎలా పెట్టారని పిల్లలకు సందేహం రావచ్చు. ఇది మన భాషలో చెప్పుకుందాం. చట్టం అప్లికేషన్ లాంటిది, రాజ్యాంగం ఆపరేటింగ్ సిస్టమ్ లాంటిది. సిస్టమ్‌తో కుదరని అప్లికేషన్‌ను కోర్టు తీసేయగలదు. ప్రొపోజిషన్ 22 ఒక చట్టం, అందుకే తీసేసింది. ప్రొపోజిషన్ 8 నేరుగా రాష్ట్ర రాజ్యాంగాన్నే మార్చింది. 1911 నుంచి కాలిఫోర్నియాలో ప్రజలకు ఈ అధికారం ఉంది. గత గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్లలో 5 శాతం సంతకాలు తెస్తే చట్టాన్ని, 8 శాతం తెస్తే రాజ్యాంగ సవరణను ఓటుకు పెట్టవచ్చు. నెగ్గడానికి సగానికి ఒక్క ఓటు ఎక్కువైతే చాలు. 2009 మే 26న రాష్ట్ర సుప్రీం కోర్టు 6-1 తేడాతో ప్రొపోజిషన్ 8 చెల్లుతుందని, అప్పటికే అయిన 18,000 పెళ్లిళ్లు కూడా చెల్లుతాయని చెప్పింది. ఒకే వీధిలో రెండు జంటలు: నవంబర్ 4కి ముందు చేసుకున్నవారు దంపతులు, ఆ తర్వాత చేసుకుందామనుకున్నవారు కారు.

ఫెడరల్ కోర్టుకు

రాష్ట్ర రాజ్యాంగానికి పైన ఉన్నది అమెరికా రాజ్యాంగం. అందుకని కేసు ఫెడరల్ కోర్టుకు వెళ్లింది. బర్క్‌లీలో ఉండే క్రిస్టిన్ పెర్రీ, శాండ్రా స్టియర్, బర్‌బ్యాంక్‌లో ఉండే పాల్ కటామి, జెఫ్ జరిల్లో కేసు వేశారు. వాళ్ల లాయర్లు టెడ్ ఓల్సన్, డేవిడ్ బోయీస్. 2000లో బుష్-గోర్ ఎన్నికల కేసులో వీళ్లిద్దరూ ఒకరికొకరు ఎదురుగా వాదించినవారు. 2010 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో సాక్షులతో విచారణ జరిగింది. ఆగస్టు 4న జడ్జి వాన్ వాకర్ ప్రొపోజిషన్ 8 అమెరికా రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పిచ్చారు.

రాష్ట్రం తరఫున గవర్నరు, అటార్నీ జనరల్ ఆ ప్రతిపాదనను సమర్థించడానికి నిరాకరించారు. సమర్థకులే అప్పీలు చేశారు. 2013 జూన్ 26న అమెరికా సుప్రీం కోర్టు 5-4 తేడాతో అప్పీలు చేసే అర్హత వారికి లేదంది. దాంతో వాకర్ తీర్పే నిలిచింది. రెండు రోజులకే పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యాయి. శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ హాలులో పెర్రీ, స్టియర్‌ల పెళ్లి జరిపించినది అప్పటి అటార్నీ జనరల్ కమలా హారిస్, చెన్నై నుంచి చదువుకు వచ్చిన శ్యామల గోపాలన్ గారి అమ్మాయి.

అదే జూన్ 26న విండ్సర్ కేసు తీర్పూ వచ్చింది. పెళ్లంటే స్త్రీ పురుషుల మధ్యదే అని ఫెడరల్ ప్రభుత్వం 1996లో చేసుకున్న నిర్వచనం పోయింది. ఇమిగ్రెంట్లకు అసలు మార్పు ఇదే. అంతకుముందు స్వలింగ జంటలో ఒకరికి హెచ్-1 ఉన్నా, సిటిజన్‌షిప్ ఉన్నా, రెండోవారికి హెచ్-4 గానీ గ్రీన్ కార్డు గానీ వచ్చేది కాదు.

లాస్ ఏంజెలెస్‌లో ఉన్న రిచర్డ్ ఆడమ్స్, ఆంథొనీ సలివన్‌ల కథ ఇందుకు గుర్తు. ఆడమ్స్ ఫిలిప్పీన్స్‌లో పుట్టి అమెరికా పౌరుడైనవాడు, సలివన్ ఆస్ట్రేలియావాడు. 1975లో కొలరాడోలోని బౌల్డర్‌లో ఒక కౌంటీ క్లర్క్ లైసెన్స్ ఇస్తే పెళ్లి చేసుకుని గ్రీన్ కార్డుకు అప్లై చేశారు. ఇమిగ్రేషన్ శాఖ అవమానకరమైన మాటలతో తిరస్కరించింది. 1982లో అప్పీలు కోర్టు కూడా కాదంది. ఆడమ్స్ 2012లో చనిపోయాడు. తర్వాత ఇమిగ్రేషన్ శాఖ క్షమాపణ చెప్పింది, 2016లో సలివన్‌కు గ్రీన్ కార్డు ఇచ్చింది. 41 ఏళ్లు పట్టింది. మన ఈబీ-2 క్యూ ఎంత పొడవైనా, దాని చివర కార్డు ఉందన్న ఆశ ఉంటుంది. వాళ్లకు ఆ క్యూలో నిలబడే అర్హతే లేదు.

2014లో కాలిఫోర్నియా తన చట్టంలో మిగిలిన ఆడ-మగ మాటలను తీసేసింది. ఆ బిల్లు మీద సంతకం పెట్టిన గవర్నర్ ఎవరు? జెర్రీ బ్రౌనే. 1977లో ఆ మాటలు చేర్చిన చేతే 37 ఏళ్ల తర్వాత తీసేసింది. 2015 జూన్ 26న ఓబర్గఫెల్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు దేశంలో అన్ని రాష్ట్రాలకూ ఇదే వర్తిస్తుందని 5-4 తేడాతో చెప్పింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ కెన్నెడీ మన శాక్రమెంటోలో పుట్టినవారే.

చివరి అంకం: 2024

ఇంత జరిగినా ఆ పద్నాలుగు మాటలు కాలిఫోర్నియా రాజ్యాంగంలో అలాగే ఉండిపోయాయి. పనిచేయని పాత కోడ్ లాగా. పైనున్న తీర్పు ఏదైనా మారితే అది మళ్లీ రన్ అవుతుందేమోనన్న భయం 2022లో వచ్చింది. ఆ ఏడాది సుప్రీం కోర్టు గర్భస్రావ హక్కును తీసేస్తూ తీర్పిచ్చినప్పుడు, ఓబర్గఫెల్ తీర్పును కూడా మళ్లీ చూడాలని జస్టిస్ థామస్ విడిగా రాశారు. 2022 డిసెంబర్ 13న అధ్యక్షుడు బైడెన్ సంతకంతో, చట్టబద్ధంగా జరిగిన ఇలాంటి పెళ్లిళ్లను ఫెడరల్ ప్రభుత్వమూ అన్ని రాష్ట్రాలూ గుర్తించాలనే చట్టం వచ్చింది. వేర్వేరు జాతుల వారి మధ్య పెళ్లిళ్లకూ అందులోనే రక్షణ ఇచ్చారు.

2024 నవంబర్ 5న కాలిఫోర్నియా ప్రజలు ప్రొపోజిషన్ 3కు 62 శాతానికి పైగా ఓట్లు వేసి ఆ పాత మాటలను తీసేసి, పెళ్లి ప్రాథమిక హక్కు అని రాజ్యాంగంలో రాసుకున్నారు. 2000లో 61 శాతం ఒకవైపు ఉంటే, 24 ఏళ్లకు అంతకు మించి రెండోవైపు ఉన్నారు. ఆ మొదటి ఓటు నాటికి మనలో చాలామందిమి హెచ్-1 మీద ఉండి చూస్తూ ఊరుకున్నవాళ్లం. చివరి ఓటు నాటికి మన పిల్లలే ఓటర్లు.

మన ఊళ్లో సంగతి

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనుకునేవారికి హైదరాబాదు సంగతి చెప్పాలి. 2021 డిసెంబర్‌లో హైదరాబాదులో ఉండే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ బంధుమిత్రుల మధ్య నగర శివార్లలో వేడుక చేసుకున్నారు. తమ పెళ్లిని 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద గుర్తించాలని తర్వాత సుప్రీం కోర్టుకు వెళ్లారు. వాళ్ల పేరుతోనే ఆ కేసు ప్రసిద్ధమైంది. 2023 అక్టోబర్ 17న ఐదుగురు న్యాయమూర్తులు పెళ్లి ప్రాథమిక హక్కు కాదని, చట్టం మార్చవలసింది పార్లమెంటేనని తేల్చారు. 2018 సెప్టెంబర్ 6 నాటి తీర్పు వల్ల ఇండియాలో ఇలాంటి సంబంధం నేరం కాదు. కానీ పెళ్లిగా గుర్తింపు లేదు. ఇక్కడ పెళ్లి చేసుకున్న జంట హైదరాబాదులో దిగితే అక్కడి చట్టం దృష్టిలో దంపతులు కారు.

పెద్దలకు ఒక మాట

ఈ చరిత్రలో తీర్పులు 4-3, 5-4 తేడాలతో వచ్చాయి. ఓట్లు 52 శాతంతో నెగ్గాయి. ఒక జడ్జి, కొన్ని లక్షల ఓట్లు అటూ ఇటూ అయితే వేల కుటుంబాల జీవితం మారిపోయింది. కనుక ఓటు ఉన్నవారు, ఏ వైపు వేసినా, బ్యాలెట్ పుస్తకం చదివి వేయాలని మా మనవి.

రెండో సంగతి ఇంటికి సంబంధించినది. మన పిల్లలు ఇద్దరు అమ్మల గురించో ఇద్దరు నాన్నల గురించో అడిగినప్పుడు, వాళ్లు వినేది మన జవాబు ఒక్కటే కాదు, మన గొంతు కూడా. అడిగిన పిల్లే తన గురించి అడుగుతూ ఉండవచ్చు, మనకు తెలియదు. విసుక్కుంటే ఇంకోసారి అడగరు. ఆ తర్వాత ఆ పిల్లల జీవితంలో అన్నిటికన్నా పెద్ద విషయం మనకు చివర్న తెలుస్తుంది, లేదా తెలియకుండానే పోతుంది. ఎవరి నమ్మకాలు వారు ఉంచుకుంటూనే, ఆ ప్రశ్న అడగడానికి ఇంట్లో చోటు ఉంచవచ్చు.

పిల్లల కోసం కొన్ని తెలుగు మాటలు

రాజ్యాంగం: కాన్‌స్టిట్యూషన్
శాసనసభ: లెజిస్లేచర్
తీర్పు: కోర్టు చెప్పిన నిర్ణయం
సవరణ: అమెండ్‌మెంట్
జంట: ఇద్దరు కలిసి ఉన్నవారు, ఎవరైనా సరే
జీవిత భాగస్వామి: భార్యకైనా భర్తకైనా వాడే మాట

"ఆవిడ మా ఫ్రెండ్ వాళ్లమ్మ, ఈవిడ కూడా వాళ్లమ్మే" అంటే అమ్మమ్మకు అర్థమవుతుంది. మొదట రెండు ప్రశ్నలు ఎక్కువ అడుగుతుంది. ఓపిగ్గా తెలుగులోనే జవాబు చెప్పండి.

ఇంట్లో మాట్లాడుకోవడానికి

1. ప్రొపోజిషన్ 22ను కొట్టేసిన రాష్ట్ర కోర్టు ప్రొపోజిషన్ 8ను ఎందుకు కొట్టేయలేదు?
2. 1948 నాటి పెరెజ్ తీర్పు 2008లో ఎలా ఉపయోగపడింది?
3. ఒకరి హక్కును మిగతావారి ఓటుతో నిర్ణయించవచ్చా? ఔనన్నా కాదన్నా, కారణం తెలుగులో ఐదు వాక్యాల్లో రాయండి.